థైరాయిడ్: ఎక్కడ ఆగాలి, ఎక్కడ పరుగెత్తాలి

(ప్రపంచ థైరాయిడ్ దినోత్సవం సందర్భంగా శ్రీకాకుళంలో హార్మోన్ల జబ్బుల నిపుణుడైన ఒక ఎండోక్రైనాలజిస్టు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటిని కూడా చేర్చాం.)

అందరికీ నమస్కారం. ఎండ ముదరకముందే ముగిస్తానని నిర్వాహకులకు మాటిచ్చాను కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

శ్రీకాకుళంలో నిలబడి థైరాయిడ్ గురించి మాట్లాడుతూ ఒక పేరు తలచుకోకపోతే మర్యాద కాదు. వులిమిరి రామలింగస్వామి గారు. 1921లో ఈ ఊళ్లోనే పుట్టారు. విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీలో వైద్యం చదివి, ఆక్స్‌ఫర్డ్ వెళ్లి వచ్చి, ఆ తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టరుగా, భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. 1956లో ఆయన తన సహచరులతో కలిసి హిమాలయాల దిగువన ఉన్న కాంగ్రా లోయలో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. ఆ ప్రాంతాల్లో మెడ ముందు కాయలా వేలాడే గలగండం ఇంటింటా ఉండేది. వానలకూ మంచు కరిగిన నీళ్లకూ నేలలోని అయొడిన్ కొట్టుకుపోతుంది. నేలలో లేనిది పంటలోకి రాదు, పంటలో లేనిది మనిషిలోకి రాదు. రామలింగస్వామి గారి బృందం ఆ లోయను మూడు మండలాలుగా విడగొట్టి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు సరఫరా చేయించింది. కొన్నేళ్లు తిరిగేసరికి అయొడిన్ ఉప్పు తిన్న రెండు మండలాల్లో గలగండాలు గణనీయంగా తగ్గాయి, మూడోదానిలో తగ్గలేదు. 1962లో మన దేశంలో జాతీయ గలగండ నివారణ కార్యక్రమం మొదలైందంటే దాని వెనుక ఈ పని ఉంది. ఇవాళ మీ వంటింట్లో ఉన్న ఉప్పు పొట్లం మీది నవ్వే సూర్యుడి బొమ్మకు మన జిల్లాతో చుట్టరికం ఉందన్నమాట.

ఆ చుట్టరికాన్ని ఈ మధ్య కొందరు తెంచుకుంటున్నారు. గులాబీ రంగు ఉప్పు, సైంధవ లవణం, సముద్రపు రాళ్ల ఉప్పు ఆరోగ్యానికి మంచివని ఎవరో వీడియోలో చెబితే వంటంతా వాటితోనే సాగిస్తున్నారు. ఆవకాయకు రాళ్ల ఉప్పు వాడుకోండి, మా ఇంట్లోనూ అదే. రోజూ కూరలో, పప్పులో వేసేది మాత్రం అయొడిన్ ఉప్పే కావాలి. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయొడిన్ చాలు, గర్భిణులకు 250. ఉప్పు ఎక్కువ తినమని నేను అనడం లేదు. తినే కాస్త ఉప్పూ సరైనదై ఉండాలంటున్నాను.

ఇక ఇప్పటి సంగతి. గలగండం తగ్గింది కదా, మరి ఇంటికొకరికి థైరాయిడ్ మాత్రలు ఎందుకు అని అడగవచ్చు. ఇప్పుడు మన దగ్గర కనిపించే థైరాయిడ్ లోపానికి ఎక్కువగా కారణం అయొడిన్ కాదు. మన రోగనిరోధక వ్యవస్థే పొరపడి థైరాయిడ్ గ్రంథిని పరాయిదనుకుని దాడి చేస్తుంది. 1912లో హకరు హషిమోతో అనే జపాన్ వైద్యుడు దీన్ని మొదట వర్ణించాడు కాబట్టి ఆయన పేరే ఉండిపోయింది. ఆడవాళ్లలో చాలా ఎక్కువ, కుటుంబాల్లో పారంపర్యంగా వస్తుంది. అమ్మకు ఉంటే కూతురికి, అక్కకు ఉంటే చెల్లెలికి వచ్చే అవకాశం మిగతావాళ్ల కన్నా ఎక్కువ. మీరు ఏదో తినడం వల్లనో, తినకపోవడం వల్లనో వచ్చింది కాదు. ఈ మాట గట్టిగా ఎందుకంటున్నానంటే, మా దగ్గరకు వచ్చే అమ్మాయిల్లో చాలామంది ఇంట్లో వాళ్ల చేత ‘నీ తిండి వల్లే’ అనిపించుకుని వస్తారు.

గొంతు ముందు, స్వరపేటికకు కాస్త కింద, సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది ఈ గ్రంథి. బరువు ఇరవై గ్రాములకు అటూ ఇటూ. ఇది ప్రధానంగా టీ4 అనే హార్మోనును తయారుచేస్తుంది. శరీరం దాంట్లోంచి ఒక అయొడిన్ పరమాణువును తీసేసి టీ3గా మార్చుకుని వాడుకుంటుంది. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, పేగులు ఎంత చురుగ్గా కదలాలి, ఒంట్లో ఎంత వేడి పుట్టాలి, ఇవన్నీ దీని మీద ఆధారపడతాయి. దీన్ని అదిలించేది మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ. అది పంపే హార్మోనే టీఎస్‌హెచ్. మీరు డబ్బు కట్టి చేయించుకునే పరీక్ష దానిదే.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. టీఎస్‌హెచ్ ఎక్కువ ఉందంటే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని అనుకుంటారు. అది తిరగేసిన లెక్క. దూరంగా పొలంలో పనిచేస్తున్న మనిషిని గట్టు మీది నుంచి పిలుస్తున్నారనుకోండి. పలికితే మామూలు గొంతుతో మాట్లాడతారు. పలకకపోతే గొంతు పెంచుతారు. టీఎస్‌హెచ్ ఆ కేక. థైరాయిడ్ మందగిస్తే పిట్యూటరీ కేక పెద్దదవుతుంది, అంకె పెరుగుతుంది. థైరాయిడ్ మితిమీరి పనిచేస్తుంటే పిట్యూటరీ నోరు మూసుకుంటుంది, అంకె అడుగంటుతుంది.

ఇంకొక్క సంగతి మాత్రం మనసులో ఉంచుకోండి. టీ4 రక్తంలో చాలాకాలం నిలిచే హార్మోను. ఈ రోజు ఉన్నదాంట్లో సగం కరగడానికి సుమారు ఏడు రోజులు పడుతుంది. నేను ఇవాళ చెప్పబోయే సలహాల్లో చాలావాటికి ఈ ఏడు రోజులే మూలం. థైరాయిడ్ నిదానపు వ్యవహారం. దీనికి సంబంధించిన ఇబ్బందుల్లో చాలావాటిని వారాల తరబడి, నెలల తరబడి ఆగి చూడవచ్చు. మనం అక్కడ తొందరపడుతున్నాం. ఒక్క రోజు కూడా ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. అక్కడ మాత్రం ‘చూద్దాంలే’ అంటున్నాం.

థైరాయిడ్ తగ్గితే ఏమవుతుంది? నీరసం, మలబద్ధకం, చలి ఓర్చుకోలేకపోవడం, చర్మం పొడిబారడం, జుట్టు రాలడం, నెలసరిలో రక్తస్రావం ఎక్కువ కావడం, గొంతు బొంగురుపోవడం, మతిమరుపు. ఈ జాబితా చదివితే ఈ హాల్లో ప్రతి ఒక్కరికీ కనీసం రెండైనా ఉంటాయి. నాకూ ఉన్నాయి. అందుకే లక్షణాలను బట్టి జబ్బు ఉందని తేల్చకూడదు, రక్తపరీక్ష కావాలి. అలాగే పరీక్షలో అంకె కాస్త తేడాగా ఉంటే జీవితంలోని కష్టాలన్నీ దాని ఖాతాలో వేయకూడదు. ముఖ్యంగా బరువు. థైరాయిడ్ లోపం వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి ఐదు కిలోలు, అందులోనూ అధిక భాగం నీరూ ఉప్పూ. పాతిక కిలోలు పెరిగి ‘థైరాయిడ్ వల్లేనండీ’ అంటే నేను నవ్వి ఊరుకోను, అడిగి వివరాలు కనుక్కుంటాను. మాత్ర వేసుకున్నాక కూడా బరువు తగ్గలేదని మందును తిట్టుకునే వాళ్లు ఎక్కువ. అది బరువు తగ్గించే మందు కాదు. ఆ పనికి దాన్ని మోతాదు మించి వాడితే గుండె దడ మొదలవుతుంది, ఎముకలు గుల్లబారుతాయి.

ఎవరూ పెద్దగా పట్టించుకోని మరో సంగతి కొలెస్ట్రాల్. థైరాయిడ్ లోపం చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. మీకు కొలెస్ట్రాల్ మాత్ర రాసేముందు టీఎస్‌హెచ్ చూశారో లేదో మీ డాక్టరును అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

చికిత్స ఒక్క మాత్ర. లెవోథైరాక్సిన్. మన ఒంట్లో తయారయ్యే టీ4కూ దీనికీ తేడా లేదు. అందుకే ‘జీవితాంతం మందు మింగాలా’ అని బెంగపడే వాళ్లకు నేను చెప్పేది, ఒంట్లో తక్కువైన దాన్ని బయటి నుంచి అందిస్తున్నామంతే అని. ఖర్చు రోజుకు రెండు మూడు రూపాయలకు మించదు. 1891లో జార్జ్ ముర్రే అనే ఇంగ్లండు వైద్యుడు గొర్రె థైరాయిడ్ రసాన్ని ఒకావిడకు సూదితో ఎక్కించి చికిత్స మొదలుపెట్టాడు. ఆమె మరో ఇరవై ఎనిమిదేళ్లు బతికింది. ఆ రోజుల్లో గొర్రెల మంద కావలసి వచ్చింది, ఇప్పుడు చిటికెన వేలి గోరులో సగం లేని మాత్ర చాలు.

ఇంత సులువైన మందును మనం వేసుకునే తీరే సరిగా లేదు. ఒక ఉపాధ్యాయురాలు నా దగ్గరకు వచ్చారు. రోజుకు 125 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నారు, టీఎస్‌హెచ్ మాత్రం 18 దగ్గర ఉంది. అంతకుముందు చూసిన వాళ్లు మోతాదు పెంచుకుంటూ వచ్చారు. ‘పొద్దున లేచాక ఏం చేస్తారో చెప్పండి, ఒక్కొక్కటిగా’ అన్నాను. ఐదింటికి లేస్తారు, డికాషన్ పెడతారు, కాఫీ కలుపుకుంటారు, కాఫీతో థైరాయిడ్ మాత్ర, దాంతోపాటే రక్తహీనతకు ఐరన్ మాత్ర, మోకాళ్ల నొప్పులకు కాల్షియం మాత్ర. మూడింటినీ ఒక్క గుక్కలో మింగి బడికి పరుగు. ఐరన్, కాల్షియం పేగుల్లోనే లెవోథైరాక్సిన్‌ను పట్టుకుని బంధిస్తాయి. కాఫీ కూడా దాన్ని సరిగా ఇంకనివ్వదు. మోతాదు మార్చలేదు. థైరాయిడ్ మాత్ర లేవగానే నీళ్లతో, కాఫీ గంట తర్వాత, ఐరన్ మధ్యాహ్నం, కాల్షియం రాత్రి అని చీటీ మీద రాసిచ్చాను. రెండు నెలల తర్వాత వచ్చిన రిపోర్టు చూసి మోతాదు తగ్గించాల్సి వచ్చింది.

పరగడుపున, నీళ్లతో, తిండికీ కాఫీకీ అరగంట నుంచి గంట ముందు. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం. పొద్దున కుదరని వాళ్లు రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత పడుకునేముందు వేసుకోవచ్చు. రాత్రి డ్యూటీలు చేసే నర్సులకు, కాఫీ లేనిదే కళ్లు తెరవలేని వాళ్లకు నేను అదే చెబుతాను. ఏ వేళ అయినా సరే, రోజూ అదే వేళ కావాలి.

మోతాదు మార్చిన రెండు వారాలకే పరీక్ష చేయించుకుని, ‘ఇంకా తగ్గలేదు సార్’ అని వచ్చే వాళ్లున్నారు. ఆ ఏడు రోజుల లెక్క ఇక్కడ పనికొస్తుంది. సగం, అందులో సగం, అందులో సగం అంటూ పోతే కొత్త మోతాదు ఒంట్లో స్థిరపడడానికి ఐదారు వారాలు పడుతుంది. అంతకుముందు చేసిన పరీక్ష ల్యాబుకు లాభం, మీకు కాదు. అదే లెక్క ప్రకారం ఒక రోజు మాత్ర మరచిపోతే కొంప మునగదు. గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. గుండె జబ్బు లేని వారైతే మర్నాడు రెండూ కలిపి వేసుకున్నా పరవాలేదు. దీనిలోనే ఒక మోసం కూడా ఉంది. మాత్ర పూర్తిగా మానేసినా మొదటి పది రోజులు ఏమీ తెలియదు. ‘మానేశాను, బాగానే ఉన్నాను, అంటే నాకు జబ్బు లేదు’ అనే నమ్మకం కుదురుతుంది. రెండు నెలల తర్వాత ముఖం ఉబ్బి వస్తారు.

వేసుకోవలసిన వాళ్లు మానేస్తున్నారన్నది ఒక బాధ. అవసరం లేని వాళ్లు వేసుకుంటున్నారన్నది రెండోది. టీఎస్‌హెచ్ మామూలు హద్దు సుమారు 0.4 నుంచి 4.5 దాకా, ల్యాబును బట్టి కొద్ది తేడా. 5, 6, 7 వచ్చి, టీ4 మామూలుగా ఉంటే దాన్ని పైకి తేలని లోపం అంటాం. ఇలాంటి వాళ్లలో చాలామందికి రెండు మూడు నెలల తర్వాత మళ్లీ చేస్తే అంకె దానంతటదే హద్దులోకి వస్తుంది. జ్వరం నుంచి కోలుకుంటున్నప్పుడు, ఆస్పత్రిలో చేరి బయటపడినప్పుడు టీఎస్‌హెచ్ పైకీ కిందికీ ఊగుతుంది. అందుకే ఒక్క రిపోర్టు పట్టుకుని జీవితాంతం మాత్ర మొదలుపెట్టకూడదు. 10 దాటితే సంగతి వేరు, గర్భం ఉన్నా, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నా సంగతి వేరు.

పెద్దవాళ్ల విషయంలో ఇంకా నిదానం కావాలి. వయసు పెరిగేకొద్దీ టీఎస్‌హెచ్ కొంచెం పెరగడం సహజం. 65 ఏళ్లు పైబడి, ఇలాంటి స్వల్ప లోపం ఉన్న వాళ్ల మీద ఐరోపాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2017లో వెలువడింది. సగం మందికి లెవోథైరాక్సిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. అలసటలో గానీ ఇతర లక్షణాల్లో గానీ తేడా కనిపించలేదు. డెబ్బై దాటిన నాన్నగారికి 6.5 వచ్చిందని అమెరికా నుంచి కొడుకు ఫోనులో కంగారుపడితే ముసలాయన మాత్ర మొదలుపెట్టాల్సిన పని లేదు. మోతాదు కొంచెం మించినా ఆ వయసులో గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. నా అభిప్రాయం అడిగితే, ఆరోగ్యంగా ఉన్న మనిషికి ‘ఫుల్ బాడీ ప్యాకేజీ’లో చేసిన టీఎస్‌హెచ్ వల్ల జరిగే మేలు కన్నా మొదలయ్యే కంగారు ఎక్కువ.

ఇక పరుగెత్తాల్సిన చోట్లు. వీటిలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది పెళ్లికి సంబంధించింది. అమ్మాయికి థైరాయిడ్ అని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని తల్లిదండ్రులు దాస్తారు. పెళ్లయ్యాక అమ్మాయి సీసాను బట్టల మధ్య పెట్టుకుని అత్తవారింటికి వెళుతుంది. ఉమ్మడి కుటుంబంలో పొద్దున్నే లేచి నీళ్లతో మాత్ర మింగడం ఎవరి కంటా పడకుండా ఎన్నాళ్లు సాగుతుంది? రెండు వారాల్లో మానేస్తుంది. మూడో నెలలో నెల తప్పుతుంది. ఇప్పుడు లోపల జరిగేది వినండి. పిండానికి సొంత థైరాయిడ్ పనిచేయడం మొదలయ్యేది దాదాపు పన్నెండో వారం నుంచి. అప్పటిదాకా బిడ్డ మెదడు ఎదుగుదలకు కావలసిన హార్మోను అంతా తల్లి రక్తం నుంచే అందాలి. తల్లికే లేకపోతే బిడ్డకెక్కడిది? గర్భస్రావం కావచ్చు, రక్తపోటు పెరగవచ్చు, నెలలు నిండకుండా కాన్పు కావచ్చు. దాచడానికి కారణమైన జబ్బు రెండు రూపాయల మాత్రతో పూర్తిగా అదుపులో ఉండేది. దాచడమే ముప్పు తెచ్చింది. అబ్బాయిల తల్లులు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను, రేపు మీ ఇంటికి వచ్చే కోడలు మొదటి రోజే ఆ సీసాను వంటింటి అలమరలో అందరి ముందూ పెట్టుకోగలిగేలా చేయండి.

మాత్ర వాడుతున్న స్త్రీకి నెల తప్పిందని తెలిసిన రోజే మోతాదు పెరగాలి. డాక్టరు అపాయింట్‌మెంటు దొరికేదాకా ఆగనక్కర్లేదు. వారానికి ఏడు మాత్రలు వేసుకునే వాళ్లు తొమ్మిది వేసుకోవాలి, అంటే ఏవైనా రెండు రోజులు రెండేసి. తర్వాత ఐదో నెల వరకూ నాలుగు వారాలకోసారి పరీక్ష. కాన్పయ్యాక పాత మోతాదుకు వచ్చేయవచ్చు. గర్భిణి థైరాయిడ్ మాత్ర వేసుకుంటే బిడ్డకు వేడి చేస్తుందని చెప్పే పెద్దవాళ్లకు నమస్కారం పెట్టి మాత్ర వేసుకోండి.

రెండోది పుట్టిన బిడ్డ. మన దేశంలో వెయ్యి, పదిహేను వందల కాన్పులకు ఒక బిడ్డ థైరాయిడ్ సరిగా లేకుండా పుడుతోంది. పుట్టినప్పుడు చూస్తే ఏ తేడా ఉండదు, ఎందుకంటే తల్లి హార్మోను ఇంకా కొంత మిగిలి ఉంటుంది. పసరికలు ఎంతకీ తగ్గకపోవడం, బొంగురు ఏడుపు, పెద్ద నాలుక, బొడ్డు ఉబ్బడం, మలబద్ధకం, ఇవన్నీ కనిపించేసరికి విలువైన రోజులు గడిచిపోతాయి. ‘మా పాప ఏడవదండీ, ఎంత బుద్ధిమంతురాలో’ అని మురిసిపోయే ఇంట్లో ఒక్కోసారి అసలు కారణం ఇదే. మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య మడమ మీద చిన్న సూది గుచ్చి నాలుగు చుక్కల రక్తం కాగితం మీద తీసుకుంటే తెలిసిపోతుంది. రెండు వారాల లోపు మాత్ర మొదలుపెడితే ఆ బిడ్డ అందరిలాగే చదువుకుంటుంది. ఆలస్యమైతే పోయిన బుద్ధి తిరిగి రాదు. మాత్రను చెంచాలో నలిపి రెండు చుక్కల తల్లిపాలతో కలిపి నోట్లో పెట్టడమే. బుద్ధిమాంద్యాన్ని ఇంత చవకగా ఆపగలిగే జబ్బు వైద్యంలో మరొకటి అరుదు.

ఇప్పటిదాకా తక్కువ కావడం గురించి చెప్పాను. ఎక్కువ కావడం కూడా ఉంది. బాగా తింటున్నా చిక్కిపోవడం, గుండె దడ, చేతులు వణకడం, చెమటలు, చిరాకు, నిద్ర పట్టకపోవడం. దీనికి ప్రధాన కారణం గ్రేవ్స్ వ్యాధి, 1835లో డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ వర్ణించినది. కొందరిలో కళ్లు ముందుకు పొడుచుకొస్తాయి. పొగ తాగే వాళ్లలో ఈ కంటి జబ్బు మరింత ముదురుతుంది. సిగరెట్టే అక్కర్లేదు, మన తీరంలో ఆడవాళ్లు చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగా పొగాకే. గ్రేవ్స్ అని తేలితే ముందు మానాల్సింది అది.

అయితే థైరాయిడ్ ఎక్కువ ఉన్న ప్రతి ఒక్కరికీ గ్రేవ్స్ కాదు. వైరస్ జ్వరం తర్వాత, కాన్పు తర్వాత గ్రంథి వాచి, లోపల నిల్వ ఉన్న హార్మోను రక్తంలోకి కారిపోతుంది. అది కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది, తర్వాత కొంతకాలం లోపం కూడా రావచ్చు. అక్కడ గ్రంథిని అణిచే మందు ఇస్తే ప్రయోజనం లేదు. అందుకే యాంటీబాడీ పరీక్షో, స్కానో చేసి ఏదో తేల్చుకోవాలి.

గ్రేవ్స్‌కు గ్రంథిని అణిచే కార్బిమజోల్ మాత్రలు ఏడాది నుంచి ఏడాదిన్నర. ఆపాక దాదాపు సగం మందిలో మళ్లీ వస్తుంది. అప్పుడు రేడియో అయొడిన్ (రేడియోధార్మికత ఉన్న అయొడిన్) గానీ ఆపరేషన్ గానీ. రేడియో అయొడిన్ అనగానే భయపడతారు. 1941 నుంచి వాడుకలో ఉంది. నోటితో మింగేదే, చాలావరకు గ్రంథిలోకే వెళ్లి అక్కడ పనిచేస్తుంది. గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ ఇవ్వకూడదు, తీసుకున్నాక ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. తర్వాత థైరాయిడ్ తగ్గి మాత్ర వేసుకోవాల్సి వస్తుంది. అది చికిత్స వికటించడం కాదు, మేము ఎదురుచూసేదే.

కార్బిమజోల్ వేసుకునే వాళ్లకు పరుగెత్తాల్సిన మూడో సందర్భం చెప్పాలి. వెయ్యిమందిలో ఇద్దరి నుంచి ఐదుగురికి, ఎక్కువగా మొదటి మూడు నెలల్లో, ఈ మందు తెల్ల రక్తకణాలను ఒక్కసారిగా పడగొడుతుంది. గొంతు నొప్పి, జ్వరం వస్తే వైరల్ జ్వరమేలే అని ఊరుకోకండి. ఆ క్షణమే మాత్ర ఆపి, ఆ రోజే రక్తకణాల లెక్క చేయించండి. అర్ధరాత్రయినా సరే.

గడ్డల గురించి క్లుప్తంగా. మెడ స్కాన్ చేస్తే చాలామందిలో చిన్న చిన్న గడ్డలు కనబడతాయి. వాటిలో నూటికి తొంభైకి పైగా హాని లేనివే. స్కాన్‌లో అనుమానాస్పదంగా ఉండి, కొంత పరిమాణం దాటితేనే సూది పరీక్ష. దక్షిణ కొరియాలో ఆరోగ్యంగా ఉన్న వాళ్లందరికీ మెడ స్కాన్లు చేసుకుంటూ పోయారు. 1993 నుంచి 2011 మధ్య థైరాయిడ్ క్యాన్సర్ కేసులు పదిహేను రెట్లయ్యాయి. మరణాలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. అంటే జీవితాంతం ఏ హానీ చేయని గడ్డలను వెతికి పట్టుకుని కోశారు. గడ్డ వేగంగా పెరుగుతున్నా, గొంతు మారినా, మింగడం కష్టమైనా వెంటనే రండి. లేకపోతే స్కాన్ సెంటర్ ముందు క్యూ కట్టకండి.

ఇక మీ ప్రశ్నలు.

డాక్టరు గారూ, థైరాయిడ్ ఉన్నవాళ్లు క్యాబేజీ, కాలీఫ్లవర్, సజ్జలు తినకూడదంటారు. నిజమేనా?

ఒండుకుని మామూలుగా తింటే ఏమీ కాదండీ. పచ్చి క్యాబేజీ బస్తాలు నమిలితేనో, అయొడిన్ అందని చోట మూడు పూటలా సజ్జలే తింటేనో ఇబ్బంది. మీరు అయొడిన్ ఉప్పు తింటున్నారు, వారానికి రెండుసార్లు సజ్జ రొట్టె తినండి. సోయా ఎక్కువగా తినేవాళ్లు మాత్రం దానికీ మాత్రకూ మధ్య కొన్ని గంటలు ఎడం ఉంచండి.

కొత్తిమీర రసం తాగితే మాత్ర మానేయవచ్చని మా వదిన వాట్సాప్‌లో పంపింది.

కొత్తిమీర చారులో వేసుకోండమ్మా. మాత్ర మానకండి.

జుట్టుకు మాత్రలు వాడుతున్నాను. ఈసారి రిపోర్టులో థైరాయిడ్ ఎక్కువైందని వచ్చింది. ఏ లక్షణాలూ లేవు.

ఆ జుట్టు మాత్రల్లో బయోటిన్ అనే విటమిన్ ఉందేమో చూడండి. ఉండే ఉంటుంది. అది కొన్ని యంత్రాల్లో పరీక్షను తప్పుదారి పట్టిస్తుంది. టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా చూపిస్తుంది. మూడు రోజులు ఆపి మళ్లీ చేయించండి. మందు మార్చే ముందు ఆ రిపోర్టు నాకు చూపించండి. ఇంకో మాట, పరీక్ష రోజు థైరాయిడ్ మాత్ర రక్తం ఇచ్చాక వేసుకోండి.

సీసా ఫ్రిజ్‌లో పెట్టాలా సార్?

అక్కర్లేదు మాస్టారూ. ఎండ తగలని, పొయ్యికి దూరంగా ఉన్న చోట ఉంచండి. మాత్రలను వేరే డబ్బాలోకి మార్చకండి, ఈ మందుకు తేమా వెలుతురూ పడవు. మూత గట్టిగా బిగించండి.

మా మనవరాలు పుట్టి పది రోజులైందండీ. మీరు చెప్పిన మడమ పరీక్ష చేయలేదు. పాప బాగానే ఉంది.

బాగానే ఉంటుందమ్మా, అయినా చేయించాలి. పది రోజులంటే చేయి దాటిపోలేదు, కానీ ‘నెల రోజుల టీకాకు వెళ్లినప్పుడు చూద్దాం’ అనకండి. కాన్పు ఎక్కడైంది? సరే, ఇక్కడికి స్టేజీ మీదికి రండి, టీఎస్‌హెచ్, టీ4 రాసిస్తాను. ఈ పూటే రక్తం ఇప్పించండి, రిపోర్టు రాగానే నాకు ఫోను చేయండి. మిగతా ప్రశ్నలు ఉన్నవాళ్లు ఒక్క నిమిషం ఆగాలి, ముందు ఈ చీటీ.